పార్టులు మార్చే పండితులు

"మార్చి చూద్దాం" అన్న మాట ఇంట్లో మగవాళ్ల నోట వచ్చిందంటే ఆ నెల పద్దు పుస్తకం మూసి పక్కన పెట్టుకోవచ్చు. ఏది చెడిందో తెలియదు, ఎందుకు చెడిందో అంతకన్నా తెలియదు. అయినా ఒక వస్తువు మార్చి చూస్తారు. గుణం కనిపించకపోతే రెండోది. ఆ పైన మూడోది. నాలుగోదానికి కాకతాళీయంగా తగ్గిందనుకోండి, "నేను మొదట్లోనే అనుకున్నాను సుమా!" అంటారు. మొదట్లోనే అనుకున్న పెద్దమనిషి ముందు మూడూ ఎందుకు కొన్నట్టో మనం అడగం. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు అనుభవం. నేను మాత్రం బజారు పిచ్చి అంటాను.

ఏటా వేసవి రాగానే ఏసీ మెకానిక్కు వచ్చి "గ్యాసు అయిపోయిందమ్మా" అని నింపి, డబ్బు పుచ్చుకుని పోతాడు. అది వంట గ్యాసులా మండి ఖర్చయ్యేది కాదు గదా! మూతలు బిగించిన గొట్టాల్లో తిరిగే గ్యాసు ఎక్కడో కారితే తప్ప ఎలా అయిపోతుంది? ఎక్కడ కారుతోందో అతను చూడడు, మనవాళ్లు అడగరు. మళ్లీ వేసవికి మళ్లీ అదే పాట.

సరే, ఏసీ చల్లబడకపోతే చెమట పడుతుంది, అంతే. ఈ జబ్బు ముదిరి ఇంజను మీదికి, ఒక్కోసారి మనిషి మీదికి వచ్చే చోటు మరొకటుంది. అది ఇంట్లో టర్బో బిగించుకున్న కారు. "టర్బో ఏమిటి, మనకేమిటి" అని పేజీ తిప్పేయకండి. మీ కొడుకో, తమ్ముడో, అల్లుడో అమెరికాలో ఉంటే, శనాదివారాలు అతను షెడ్డులోంచి భోజనానికి రావడం లేదని ఫోనులో మీ కోడలో మరదలో అంటూ ఉంటే, ఈ సంగతి మీకూ కావలసిందే.

ఇవాళ మన షోరూముల్లో అమ్మే చిన్న కార్లలో కొన్నిటికి కంపెనీవాళ్లే టర్బో పెట్టి ఇస్తున్నారు. వాటితో నాకు పేచీ లేదు. నేననేది టర్బో లేకుండా పుట్టిన కారుకి మనవాళ్లు సొంతంగా పానా పట్టుకుని బిగించే టర్బో గురించి. మన దేశంలో ఆ సరదాకి చోటు తక్కువ. తయారుచేసినవాడి నమూనాకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అక్కడి ఇళ్లకి కారుషెడ్డు, షెడ్డుకి పనిముట్ల బల్ల, పనిముట్లకి తీరుబడి దొరికిన కుర్రాళ్లు ఉంటారు. వాళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు.

టర్బో అంటే బ్రహ్మవిద్య కాదు. ఇంజను వదిలే వేడి పొగ బయటికి పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న మరో చక్రం బయటిగాలిని ఇంజనులోకి కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, కాలిస్తే బలం వస్తుంది. కిటుకంతా ఆ "కాలిస్తే" దగ్గర ఉంది. గాలిని టర్బో తోస్తుంది. దానికి తగ్గ పెట్రోలు ఎవరు తేవాలి?

మామూలుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7 పి.ఎస్.ఐ. టర్బో దాని మీద ఇంకో 10 తోసిందంటే ఇంజనులోకి పోయే గాలి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పెట్రోలు కూడా ఆ లెక్కనే రావాలి. నిజానికి ఇంకాస్త ఎక్కువే రావాలి. మామూలుగా ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి చాలు. (ఆ 14.7, ఈ 14.7 ఒకటి కావు, ఊరికే అలా కలిశాయి.) టర్బో జోరు మీద ఉన్నప్పుడు మాత్రం మిశ్రమం చిక్కగా, గ్రాముకి పదకొండున్నర, పన్నెండు గ్రాముల గాలి చొప్పున ఉండాలి. ఆ పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని చల్లారుస్తుంది. అది తక్కువైందా, మంట తన వేళకి రాకుండా ముందే భగ్గుమంటుంది. సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. పిస్టన్లు అల్యూమినియంవి. మన అన్నం గిన్నె నీళ్లింకిపోయాక పొయ్యి మీద ఉండిపోతే ఏమవుతుందో మనకి తెలుసు. అక్కడా అంతే, కాకపోతే గిన్నె ఖరీదు వేరు.

అంచేత టర్బో కారు "మిస్సింగు కొడుతోంది" అన్నారంటే అది విసుగు పడవలసిన సంగతి కాదు, ఆగి చూడవలసిన సంగతి. పిస్టను కరిగే లోపల ఇంజను ఇచ్చే కబురు అది. ఆ కబురు విన్నాక కూడా కాలు తీయకుండా తొక్కుతూ, చేత్తో కేటలాగు తిరగేసేవాళ్లనే నేను తప్పు పడుతున్నాను.

పెట్రోలు దారి ఏమిటో చూడండి, మన పొయ్యి దారికన్నా కష్టమైనదేం కాదు. టాంకులో పంపు. పంపు నుంచి ఫిల్టరు. ఫిల్టరు నుంచి ముందుకు గొట్టం. ఆ గొట్టం చివర ఇంజెక్టర్లన్నీ వరసగా కూచున్న ఇంకో గొట్టం, దాన్ని రైలు అంటారు. రైలు చివర రెగ్యులేటరు. వాడగా మిగిలిన పెట్రోలు రెగ్యులేటరు లోంచి వెనక్కి టాంకుకి పోతుంది. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పడం వరకే కంప్యూటరు పని. ఎంత పెట్రోలు పడిందో అది చూడలేదు. ఇన్ని క్షణాలు కుళాయి తిప్పితే ఇంత నీరు పడుతుంది అని లెక్క కట్టుకున్నదన్నమాట. పైన ట్యాంకు నిండుగా ఉన్నంత సేపు ఆ లెక్క సరే. ట్యాంకు అడుగంటినప్పుడు అన్ని క్షణాలే తిప్పి బిందె నిండిందనుకుంటే?

అందుకని రెగ్యులేటరు నుంచి ఇంజనుకి ఒక సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. ఇంజనులో గాలి ఒత్తిడి ఎంత పెరిగితే రైలులో పెట్రోలు ఒత్తిడి అంతా పెంచమని అది చెబుతుంది. ఎందుకంటే ఇంజెక్టరు మూతి దగ్గర ఆ గాలి పెట్రోలుకి ఎదురు తోస్తుంది. మామూలు ప్రెజరు 43.5 అయితే, 10 పి.ఎస్.ఐ. బూస్టులో 53.5 ఉండాలి. ఆ సన్నగొట్టం ఊడితే రైలు 43 దగ్గరే నిలిచిపోతుంది. ఎదురు తోపుడు పోగా మిగిలేది 33. గాలేమో ఒకటిన్నర రెట్లు దాటింది, పెట్రోలేమో నూటికి పన్నెండు వంతులు తగ్గింది! ఇదంతా ఒక జానెడు రబ్బరు గొట్టం మహిమ. ఇంజెక్టర్ల ధర అడిగే ముందు ఈ గొట్టాన్ని వేలితో తడిమి చూసినవాడెవడైనా ఉంటే అతనికి నా నమస్కారం.

మనం పొయ్యి దగ్గర ఏం చేస్తాం? మంట తగ్గింది. వెంటనే కొత్త స్టవ్వు కొంటామా? సిలిండరు ఎత్తి చూస్తాం. రెగ్యులేటరు సరిగా కూచుందా చూస్తాం. గొట్టం ఎక్కడైనా నలిగిందా చూస్తాం. రెండు బర్నర్లూ తగ్గాయా, ఒకటేనా అని చూస్తాం. రెండూ తగ్గితే తప్పు వెనకాల ఉంది, ఒకటే తగ్గితే ఆ బర్నరు నోట్లో ఉంది. నీలం మంట పచ్చబడితే గాలి చాలడం లేదని తెలుసుకుంటాం. పంపు స్టవ్వు రోజుల్లో మా అమ్మ కిరసనాయిలు ఉందో లేదో ఊపి చూసి, పంపు కొట్టి చూసి, ఆ తరువాతే పిన్ను చేతిలోకి తీసుకునేది. ఆవిడ ఇంజనీరింగు చదవలేదు. రెండు వందల హార్సు పవరు కావాలనే కుర్రాడికి ఈ పాటి వరస ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. డాలస్ దగ్గర ఉంటాడు. మజ్దా కంపెనీవాడి మియాటా అనే రెండు సీట్ల బుల్లి కారు, 1990 నాటిది, కొన్నాడు. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్సు పవరు. చక్కటి బండి, కంపెనీ చేసినదాంట్లో వంక పెట్టడానికి లేదు. మావాడు దానికి టర్బో బిగించాడు, పెద్ద ఇంజెక్టర్లు పెట్టాడు, వేరే కంప్యూటరు పెట్టాడు. పెద్ద ఇంజెక్టర్లు అవసరమే, కాదనను. పాతవి ఆ గాలికి చాలవు. అంతా బాగానే ఉంది గాని, అయిదువేల చుట్లు దాటి గట్టిగా తొక్కితే బండికి ఎక్కిళ్లు మొదలు. మిశ్రమం కొలిచే మీటరు 11.8 నుంచి పదమూడున్నర పైకి పాకుతోంది. పెట్రోలు చాలడం లేదన్నమాట.

ఇక మొదలైంది. "ఇంజెక్టర్లు మంచివి కావేమో" అని ఇంకో సెట్టు తెప్పించాడు. ఎక్కిళ్లు పోలేదు. "రెగ్యులేటరే" అని మర తిప్పి ప్రెజరు పెంచుకునే రకం తెప్పించి, మర తిప్పేశాడు. దాంతో మెల్లగా పోయేటప్పుడు పొగ, గట్టిగా తొక్కితే అవే ఎక్కిళ్లు. ఎందుకుండవు? ప్రెజరు ఎంత పెంచితే పంపు పోయగలిగేది అంత తగ్గుతుంది. పైగా ఒత్తిడి నాలుగు రెట్లు చేస్తేగాని పెట్రోలు రెండు రెట్లు రాదు. ఆ మర తిప్పుడు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ బేరం. తరువాత పంపు వంతు. గంటకి 255 లీటర్లు పోసే పంపు తెచ్చి పెట్టాడు. చిత్రమేమిటంటే, పంపు పెద్దదయ్యాక ఎక్కిళ్లు అయిదువేల దగ్గర కాదు, నాలుగున్నర వేల దగ్గరే మొదలయ్యాయి.

అప్పటికి ఆరువందల డాలర్లు దాటాయి. మా కోడలు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. పొద్దస్తమానం రక్తం కొలిచే పిల్ల. "పెట్రోలు ప్రెజరు ఎంతుందండీ?" అని అడిగింది.

"అది సరిపోవడం లేదనేగా ఇన్ని మారుస్తున్నాను."

"సరిపోవడం లేదని ఎవరు చెప్పారు? కొలిచారా?"

"కారు నడుస్తుంటే తెలియడం లేదూ? నీకు చెప్పినా అర్థం కాదులే."

"జ్వరం వచ్చినవాళ్లందరూ మా ల్యాబుకి వస్తే ఊరికే ఒంటిమీద చెయ్యేసి రిపోర్టు రాయమంటారా, అత్తయ్యగారూ?" అని ఆ పిల్ల నా వైపు తిరిగింది. మావాడు "పిన్నీ, నువ్వైనా చెప్పు దీనికి" అన్నాడు. నేను దానికేమీ చెప్పలేదు. వాడికి చెప్పాను, గేజి కొనమని. నలభై డాలర్లు కూడా కాలేదు.

ఆ పిల్ల చేసిన వరస చూడండి. ఇంజను ఊరికే తిరుగుతుంటే ప్రెజరు 35. సన్నగొట్టం పీకితే 43కి లేచింది, మళ్లీ పెడితే దిగింది. రెగ్యులేటరు మాట వింటోందన్నమాట. ఇక గట్టిగా తొక్కినప్పుడు ఏమవుతుందో చూడాలి. దాన్ని రోడ్డు మీద చూడడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. కళ్లు గేజి మీద పెడితే రోడ్డు ఎవరు చూస్తారు? డైనో అని, బండిని రోలర్ల మీద నిలబెట్టి పరుగెత్తించే చోటు ఉంటుంది, గంటకింత అని అద్దె. అక్కడికి తీసుకుపోయారు. గేజిలో నిజం పెట్రోలే ఉంటుంది కాబట్టి దాన్ని కారు లోపలికి తేకూడదు. అద్దానికి బయట అంటించి లోపల్నుంచి చూశారు. బూస్టు మొదలవగానే ముల్లు యాభైకి లేచింది, చుట్లు పెరిగే కొద్దీ దిగజారి 42కి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎక్కిళ్లు.

చూడండి, ఆ ముల్లు ఒక్క నిమిషంలో ఎంత చెప్పిందో! ఇంజెక్టర్లు చాలకపోతే ప్రెజరు నిలబడి ఉండి మిశ్రమం పలచబడేది. సన్నగొట్టం ఊడితే ప్రెజరు అసలు పెరిగేదే కాదు. పెరిగి, ఆపైన జారిందంటే వెనక నుంచి రావలసింది రావడం లేదు. అంటే ఫిల్టరో, టాంకు అడుగున జల్లెడో, నలిగిన గొట్టమో, పంపో. ఫిల్టరు, జల్లెడ కొత్తవి. గొట్టం నలగలేదు. పంపు కొత్తది. "కొత్త పంపుకి కరెంటు ఎంత అందుతోంది?" అని అడిగిందా పిల్ల. మావాడి దగ్గర జవాబు లేదు.

మనకి ఇది తెలియని సంగతా? సాయంత్రం లో వోల్టేజి వచ్చినప్పుడు మిక్సీ మూలిగితే మిక్సీ మారుస్తామా? మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు దగ్గర 10.7. మూడు వోల్టులు దారిలో ఎవరో తినేశారు. ఆ కారులో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. పంపు కూడా వెనకాలే, సీట్ల వెనక టాంకులో. అయినా కరెంటు అక్కణ్ణించి ఇక్కడికి తిన్నగా రాదు. ముందున్న ఫ్యూజుల పెట్టెకి పోయి, డాష్‌బోర్డు కింద రిలేలో దూరి, మళ్లీ వెనక్కి వస్తుంది, పక్కింటికి వెళ్లడానికి ఊరంతా తిరిగి వచ్చినట్టు. కంపెనీ పెట్టిన చిన్న పంపుకి ఆ సన్న తీగ చాలు. పెద్ద పంపు పెట్టి, ఎక్కువ కరెంటు లాగమంటే, ముప్పై ఏళ్ల తీగ, చిలుము పట్టిన జాయింట్లు ఇంకా ఎక్కువ తినేస్తాయి. అందుకే పంపు మార్చాక జబ్బు ముదిరింది. మందు పేరిట రోగాన్నే కొనుక్కొచ్చారన్నమాట.

డిక్కీలోనే ఒక రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన లావుపాటి తీగ తిన్నగా పంపుకి లాగి, ఎర్తు తీగ గీకి కొత్తది బిగించారు. ముప్పై డాలర్లు దాటలేదు. రెగ్యులేటరు మర వెనక్కి తిప్పారు. మళ్లీ రోలర్ల మీద పెడితే ముల్లు 53 దగ్గర నిలబడింది.

"పెద్ద పంపు పెట్టుకుంటే నష్టమేమిటి, ఎక్కువైతే వెనక్కి పోతుంది గదా" అని వాదించేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. వెనక్కి పోయే గొట్టం సన్నదైతే పోలేక ప్రెజరు అక్కడే పేరుకుంటుంది. కారు ఊరికే నిలుచున్నప్పుడు కూడా మిశ్రమం చిక్కబడి పొగ కక్కుతుంది. అంతంత పెట్రోలు గంటల తరబడి వేడి ఇంజను దాకా పోయి వస్తూ ఉంటే టాంకంతా వేడెక్కుతుంది. టెక్సాస్ ఎండలు మన రెంటచింతల ఎండలకి చెల్లెళ్లు. పంపు నోట ఆవిరి బుడగలు పడితే ఎంత పెద్ద పంపైనా నీళ్లు లేని బావిలో మోటారే.

ఇంకో మాట. మీటరు "పెట్రోలు చాలదు" అని చూపిస్తే పెట్రోలే చాలదని ప్రమాణం చేయకండి. ఆ మీటరు చూసేది పెట్రోలుని కాదు, పొగలో మిగిలిన ప్రాణవాయువుని. ప్లగ్గు సరిగా నిప్పు వేయలేదనుకోండి, కాలని గాలి అలాగే బయటికి వస్తుంది. మీటరు "పలచన" అంటుంది, నిజానికి పెట్రోలు కాలకుండా పోతోంది. బూస్టు ఎక్కువైతే ప్లగ్గు నిప్పు ఆరిపోవడం కద్దు. ప్లగ్గు సందు కాస్త తగ్గిస్తే కుదుటపడుతుంది. అలాగే మీటరుకి ముందు పొగగొట్టంలో చిల్లు ఉంటే బయటిగాలి దూరి అబద్ధం చెప్పిస్తుంది. అటువంటి కారుకి పంపు మార్చే మహానుభావుడు, పంటి నొప్పికి కళ్లజోడు మార్చినవాడు ఒకటే. అందుకే ఒక్క మీటరు మాట నమ్మకూడదు. ప్రెజరు గేజి, మిశ్రమం మీటరు, వోల్టు మీటరు మూడూ ఒకే మాట అంటేనే సాక్ష్యం.

ఇంత మాట ఎందుకంటున్నానంటే, ఊరికే డబ్బు పోయినందుకు కాదు. డబ్బు పోవడం మనకి అలవాటే. పార్టు మార్చిన ప్రతిసారీ పెట్రోలు గొట్టం విప్పుతారు. ఇంజను ఆపినా ఆ గొట్టంలో ప్రెజరు ఉంటుంది, ముందు దాన్ని దించకపోతే ముఖాన చిమ్ముతుంది. విప్పినది మళ్లీ సరిగా బిగించారో లేదో. అక్కడి ఇళ్లలో కారుషెడ్డు ఇంటికి అంటుకునే ఉంటుంది. టెక్సాస్‌లో చాలా ఇళ్లలో నీళ్లు కాచే గ్యాసు బాయిలరు కూడా షెడ్డులోనే పెడతారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మన వంట గ్యాసులాగే నేల పట్టుకుని పాకుతుంది. ఆ బాయిలరు మంట నేలకి ఎత్తుగా ఉండాలని అక్కడి కట్టడాల నియమాల్లో రాసుకున్నది అందుకే. మూడుసార్లు అవసరం లేకుండా గొట్టం విప్పడమంటే మూడుసార్లు ఊరికే నిప్పుతో ఆడడం. లోపల పిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల తల్లి "ఎంతుంది?" అని అడిగితే "నీకు అర్థం కాదు" అనడానికి నోరెలా వస్తుందండీ?

అర్థం కాకపోవడం గురించే కాస్త చరిత్ర చెప్పనివ్వండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండిని అతనికి చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మాన్‌హైం నుంచి ఫోర్జ్‌హైంలోని పుట్టింటికి నూరు కిలోమీటర్ల పైచిలుకు నడిపించుకు పోయింది. పెట్రోలు బంకులు లేని రోజులు. వీస్లోఖ్ ఊళ్లో మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రవం కొని పోసింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోయింది. ఆవిడ టోపీ పిన్ను తీసి పొడిచి, దారి చేసింది. తీగ ఒరుసుకుంటే మేజోళ్ల పట్టీ చుట్టింది. మోటారు కారు చరిత్రలో ఇంధనం అందని జబ్బుని దారిలో కనిపెట్టి బాగుచేసిన తొలివాళ్లలో ఒక ఆడమనిషి ఉంది, అదీ పిన్నుతో. కొత్త ఇంజను కావాలని మొగుడికి కబురు పెట్టలేదు.

మగవాళ్లే కాదు లెండి, కంపెనీలవారు కూడా మనుషుల ఈ గుణం వల్ల దెబ్బతిన్నారు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అని టర్బో కారు అమ్మారు. ఇంజను ముందే భగ్గుమనకుండా నీళ్లు, మిథనాలు కలిపిన ద్రవం ఒక సీసాలో పోసుకుంటూ ఉండాలి. సీసా ఖాళీ అయితే టర్బో జోరు తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు పాపం. కొన్నవాళ్లు చాలామంది సీసా నింపలేదు. రెండేళ్లలో ఆ కారు కనుమరుగైంది. సీసాలో చూడడానికి పానా కూడా అక్కర్లేదు గదా!

అబ్బాయిల సరదా మాన్పించమని నేను అనడం లేదు. తాగుడూ పేకాటా కన్నా చేతికి గ్రీజు అంటుకోవడం వెయ్యి రెట్లు నయం. తన చేత్తో బిగించిన యంత్రం తిరిగితే కలిగే ఆనందం మా అక్క కొడుకు ముఖాన నేను చూశాను, అది దొంగ ఆనందం కాదు. నా పోట్లాటల్లా ఒకటే. ఖర్చుకి మన సంతకం కావాలి, ప్రశ్నకి మాత్రం మనం పనికి రామా? పెట్టె రాగానే తలుపు తీసి పుచ్చుకునేది మనం. కాబట్టి పెట్టె తెరవక ముందే అడుగుదాం. ప్రెజరు ఎంత ఉండాలి, ఎంత ఉంది? ఎప్పుడు తగ్గుతోంది, మొదటి నుంచా, జోరు మీదా, మలుపుల్లోనా? మలుపుల్లో మాత్రమే అయితే టాంకులో పెట్రోలు పక్కకి ఒరిగి పంపు నోటికి గాలి తగులుతోందేమో, టాంకు నింపి చూశారా? బండి వేడెక్కాకే వస్తోందా? పంపు దగ్గర ఎన్ని వోల్టులు? వీటికి అంకెలతో జవాబు చెప్పినవాడికి పంపు కొనడానికి నేనే డబ్బిస్తాను. "అనిపిస్తోంది" అన్నవాడికి మాత్రం ఇవ్వను.

మావాడు కొన్న రెండో సెట్టు ఇంజెక్టర్లు, పాత రెగ్యులేటరు షెడ్డులో అలమారు మీద ఉన్నాయి. పెట్రోలు తగిలిన వస్తువుని కొట్టువాడు తిరిగి తీసుకోడు. మొన్న ఫోనులో కోడలు చెప్పింది, వాడి స్నేహితుడొకడు వచ్చాడట, అతని కారుకీ ఎక్కిళ్లేనట, ఆ ఇంజెక్టర్లు తనకి అమ్మమని అడిగాడట. "ప్రెజరు ఎంతుందండీ?" అని అడిగితే "ఇంకా చూడలేదండీ" అన్నాడట. ఇంజెక్టర్లు అలమారు మీదే ఉంచి, గేజి చేతికిచ్చి పంపిందట. ఆదివారం నాటికి తిరిగి తెచ్చివ్వాలని కూడా చెప్పిందట.